తడి ఆరని మొకం

సోమమ్మకు పెద్దకొడుకు మొకం యాదికి లేదు. గీ ముచ్చట ఆమె ఎవలకూ చెప్పలే. చెప్పుకునే ముచ్చటేనా మరి? కన్నతల్లే కొడుకు మొకం మర్సిపోయిందంటే లోకం మొకాన ఊంచదా? కడుపుల వెట్టుకుని తిరుగుతాంది, అంతే.

బీరన్న ఎత్తు యాదికున్నది. కట్టె భుజాలకు అడ్డం వెట్టుకుని, రెండు చేతులు దాని మీద యాలాడేసి నడిసే నడక యాదికున్నది. మందల ఏ గొర్రెకు ఏం పేరు వెట్టిండో గూడ చెప్తది. మొకం కాడికి వచ్చేసరికి ఏమీ కానరాదు. కలలకు వస్తడు గని, వానల తడుస్తున్నట్టు గొంగడి నెత్తి మీదికెల్లి ముక్కు దాక గుంజుకుని వస్తడు. జర ఆ గొంగడి తియ్యి కొడుకా, ఒక్కపారి చూసుకుంట అంటది. తియ్యడు. బతికున్నప్పుడూ గంతే, చెప్పిన మాట ఎన్నడన్న ఇన్నడా వాడు?

పద్దెనిమిదేండ్ల పిల్లగాడు. మిరుగు కార్తె వానలల్ల మంద కాడ పిడుగు వడి పోయిండు. ఊరోళ్లు గొంగట్ల సుట్టి ఇంటికి తెచ్చిర్రు. సోమమ్మ మొకం చూస్తనని మీద వడితే నలుగురు రెక్కలు వట్టి గుంజిర్రు. చూసేటట్టు లేదు సోమమ్మా, నువ్వు చూడొద్దు అన్నరు. ఆమె మంచికే అన్నరు, కాదనేటిదేం లేదు. కని ఆఖరి చూపు లేని తల్లి బతుకు ఎట్లుంటదో ఆ నలుగురికి తెల్వదు. అప్పటికి చిన్నోడు మల్లికార్జున్ చంకల పిల్లగాడు. ఇంట్ల పెద్దోని ఫొటో అన్నది ఒక్కటి లేకుండె. గొర్లు కాసెటోనికి ఫొటో ఎందుకు, ఫొటో లేకుంటే గొర్లు గుర్తువట్టయా అని మొగడు కురుమయ్య నవ్వుతుండె.

ఇయ్యాల గొర్లూ లేవు, కురుమయ్యా లేడు. మేపే జాగాలన్నీ ప్లాట్లయి, రాళ్లు వాతుకుని రంగులు వూసుకుని కూసున్నయి. మంద అమ్ముకుని చౌటుప్పల్ వచ్చి రెండర్రల ఇంట్ల కిరాయికి ఉంటున్నరు. మల్లికార్జున్ మందుల కంపెనీల పనిచేస్తడు, కోడలు త్రివేణి బట్టల దుకాణంల ఉంటది. గోడ మీద కురుమయ్య ఫొటో ఉన్నది. రేషన్ కార్డు మీది బొమ్మనే పెద్దగ చేయించిర్రు. ఆఫీసుల బిత్తరపోయి చూసినోడు సచ్చినంక గూడ గోడ మీదికెల్లి గట్లనే బిత్తర చూపులు చూస్తాండు. అయినా నయమే, ఆయనకు నుదురున్నది. పెద్దలకు బువ్వ పెట్టే పెత్తరమాస నాడు సోమమ్మ బొటనేలుకు బండారి అద్దుకుని ఆ నుదుటి మీద కిందికెల్లి మీదికి గట్టిగ దిద్దుతది. గొర్లు కాసెటోళ్ల దేవుడు బీరప్పను కొలిచే ఇండ్లల్ల గట్లనే పెడ్తరు, పసుపు బండారి, బొటనేలుతోని, గట్టిగ. మెల్లగ అంటిస్తే అది బొట్టే కాదు.

ఆ ఒక్కనాడు ఫొటో పక్కన బీరన్న గొంగడి పెట్టెల నుంచి తీసి మడతవెట్టి ఉంచుతది. పిడుగువడ్డనాటిది కాదు, ఇంట్ల మిగిలిన ఇంకోటి. దానికి గూడ బొట్టు పెట్టాలె గద. గొంగడికి నుదురు యాడున్నది? ఇన్నేండ్లసంది మడత నడుమ ఇంత అంటిచ్చి చెయ్యి తుడుసుకుంటాంది. ఆనాడు మిద్దె మీద పిట్టకు బువ్వ పెడితే గూడ, బీరన్న పేరు మీద పెట్టిన ముద్దను కాకి ఎంతసేపటికీ ముట్టది. పక్కదానికి పోతది, దీనికి రాదు. పిల్లగానికి ఏదో కోరిక మిగిలిందని సుట్టాలంటరు. కోరిక వానిది కాదు, తనదని సోమమ్మకు తెలుసు.

ఈ యేడు శ్రావణం మొదట్ల మల్లికార్జున్ దోస్తు పెండ్లి ఫ్లెక్సీ కొట్టియ్యనీకి నల్గొండ పోయిండు. ఆ ఫ్లెక్సీ దుకాణం గోపీకృష్ణ అనేటాయనది. మూలకు కుర్చీల గోపీకృష్ణ నాయిన సైదులు కూసుండె. ఒకప్పుడు ఊరూరు తిరిగి ఫొటోలు తీసినోడు, పక్షవాతమొచ్చి కుడిచెయ్యి ఆగకుంట వణుకుతాంది. ఏ ఊరు, ఎవల కొడుకువని అడిగిండు. చెప్పంగనే, మీ అన్న గొర్రెపిల్లను ఎత్తుకుని ఫొటో దిగిండు గద, మళ్ల ఫొటో కోసం రానే రాలే అన్నడు. పిల్లగాడు పోయిండని ఆయనకు తెల్వనే తెల్వదు. ఎవలదో పెండ్లికి ఆ ఊరు వోయినప్పుడు, బ్లాక్ అండ్ వైట్ రీలున్న పాత డబ్బా కెమెరాతోని తీసిండట. రీలు నిండలే. ఆ యేడే జనమంత కలర్ కలర్ అని మొదలువెట్టిర్రు, కెమెరా అటకెక్కింది. రీలు అండ్లనే ఉండిపోయింది.

మల్లికార్జున్ సైదులు ఇచ్చిన ఆ కెమెరాను కడుపుకు అదుముకుని బస్సెక్కి ఇంటికి వచ్చిండు. సోమమ్మ ఒళ్లె వెట్టి సంగతి చెప్పిండు. ఆమె కెమెరాను అటు ఇటు తిప్పి చూసింది. గీండ్ల ఉన్నడా అని అడిగింది. ఉన్నడు, కడుగుతె వస్తడు అన్నడు కొడుకు. ఫిలింల నుంచి బొమ్మ తీసుడును కడుగుడే అంటరు ఆ పనిల. సోమమ్మకు ఆ మాట నచ్చింది. చిన్నప్పుడు మట్టిల పొర్లి వస్తే కడిగి మొకం బయటికి తీసింది తనే గద. పొయ్యి మీద అన్నం మాడు వాసన వచ్చేదాక కెమెరాను ఒళ్లె వెట్టుకుని గట్లనే కూసున్నది.

బొంబాయిల ఇప్పటికీ ఇసోంటి రీళ్లు కడిగేటోళ్లు ఉన్నరని మల్లికార్జున్ ఫోన్ల చూసి చెప్పిండు. పార్సిల్ కట్టి పంపాలె. సోమమ్మ ససేమిరా అన్నది.

"ఒకపారి నలుగురు అడ్డం వడి నన్ను చూడనియ్యలే. మళ్ల ఎవల చేతులల్లనో వెట్టి పంపుతనా? కడుగుతె గీ ఇంట్లనే కడుగు."

ఎన్నడూ గొంతు లేపనామె గంతమాట అంటే కొడుకు ఇంకేం ఎదురు చెప్తడు? పంపితే ఏమయితుండెనో ఇప్పుడు ఎవలన్న చెప్పొచ్చు. చెప్పేటోళ్లకేం, చెప్తరు.

సెలవు దొరికినప్పుడల్ల మల్లికార్జున్ నల్గొండ వోయి సైదులు ముందట కూసుండి నేర్సుకున్నడు. ముసలాయన చెయ్యి పనికిరాదు గని నోరు మంచిగనే ఉన్నది. ఫిలింను కడిగే డబ్బాల ఎక్కిచ్చేదాక సూది మొనంత ఎలుగు గూడ తగలొద్దు. ముందు బొమ్మ తేలనీకి డెవలపర్ మందు పొయ్యాలె, అటెన్క అది చెరగకుంట నిలవనీకి హైపో మందు పొయ్యాలె, ఆఖరికి మంచినీళ్లతోని కడగాలె. ఇదంత ఒక ఎత్తు. సైదులుకు అసలు ఫికరు ఫిలిం మీది పూత గురించే. ఇన్నేండ్లు అటక మీద ఎండకు ఉడికిన పూత అది, పాల మీద మీగడ అనుకో అన్నడు. నీళ్లు ఐసు వేసి సల్లగ ఉంచాలె. జర గోరెచ్చగయినా ఉబ్బి మెత్తవడ్తది. నీళ్లల్ల పటిక వేస్తే కొంచెం గట్టిగయితది గని, ఎంత చేసినా ఆరినంకనే భరోసా. తడి ఆరెదాక వేలు తగలొద్దు, తగిలిందా పూత వేలుతోనే వస్తది. ఈ ఒక్క మాట ముసలాయన ఎన్నిసార్లు చెప్పిండో. మల్లికార్జున్ సైదులు కాడ ఆ డబ్బా అడుక్కొచ్చుకుని, కొత్త రీలు ఒకటి కొని ఇంకో కెమెరాల వేసి ఫొటోలు కొట్టి, వట్టిగ కడిగి చూసుకున్నడు. అది మంచిగనే వచ్చింది. వాకిట్ల తులసిచెట్టు ఫొటో వచ్చింది, దాన్ని చూసి సోమమ్మకు పానం లేచి వచ్చింది.

పెత్తరమాస ఇంక రెండు మూడొద్దులు ఉందనంగ ఆదివారం నాడు పని వెట్టుకున్నరు. ఈ యేడు బీరన్న ఫొటో వాని నాయిన ఫొటో పక్కన ఉండాలె. గదీ సోమమ్మ ఆశ. త్రివేణి కూల్‌డ్రింకుల దుకాణం నుంచి బకిట్ల ఐసు తెచ్చి వెట్టి, ఫ్రేము కొనుక్కొస్తనని బజారుకు పోయింది. మల్లికార్జున్ బాత్రూం కిటికీకి అట్టలు కొట్టిండు. ఎంత కొట్టినా ఎలుగు వస్తనే ఉన్నది. ఆఖరికి అమ్మా, అన్న గొంగడియ్యవే అన్నడు. సోమమ్మ పెట్టెల నుంచి తీసిచ్చింది. దాన్ని నెత్తి మీదికెల్లి కప్పుకుని లోపటికి పోతాంటే ఎనుకకెల్లి చూసి ఆమె రెండడుగులు ఎంబడి వోయింది. కలల వచ్చేటోడు అచ్చం గట్లనే ఉంటడు.

తలుపు బయట పీట వేసుకుని కూసున్నది. లోపల డబ్బా తిప్పుతున్న సప్పుడు, నీళ్లు పారవోసే సప్పుడు వినవడ్తాంది. కానుపయ్యే ఇంటి బయట కూసున్నట్టే ఉన్నది ఆమెకు. ఫోను టైము చూసుకుంట కొడుకు లోపట్నే ఏదో గొణుగుతాండు. చానసేపటికి గొంతు వినవడ్డది, ఐసు అందియ్యమంటాండు. చూస్తే బకిట్ల ఐసు లేదు, నీళ్లున్నయి, అవి గూడ సల్లదనం సచ్చినయి. భాద్రపదం ఎండంటే మాటలా? కడగనీకి తెచ్చిన క్యాను నీళ్లు గూడ అయిపోయినయి. సోమమ్మ అదే చెప్పింది. లోపల నల్లా ఇప్పిన సప్పుడయింది. నల్లాల వచ్చేటివి మిద్దె మీది ట్యాంకు నీళ్లు, పగటీలి చెయ్యి వెడితే గోరెచ్చగుంటయి.

మల్లికార్జున్ బయటికి వచ్చినప్పుడు అంగీ తీసి పిండుకునేటట్టుండె. చేతుల నీళ్లు కారుతున్న పొడుగు పట్టీ. ముందరి అర్రల కిటికీ కాడ కట్టిన తీగకు బట్టల క్లిప్పు వెట్టి యాలాడదీసిండు, దుమ్ము లేవకుంట ఫ్యాను బంద్ చేసిండు. పట్టీల శానమట్టుకు బొగ్గు లెక్క నల్లగయింది. పాత రీలు గద, పాడయింది. కింద ఒక్క గడి మాత్రం దక్కింది, అరచేతిల పట్టెటంత. అండ్ల ఒక మనిషి ఉన్నడు.

గిదే అమ్మా అన్న, అని కొడుకు చూపెట్టిండు. ఇప్పుడే గుర్తువట్టలేవు, దీంట్ల నల్లది తెల్లగుంటది, తెల్లది నల్లగుంటది, ఫోనుతోని ఫొటో కొట్టి తిరగేస్తే అచ్చం అన్ననే కనవడ్తడు అని చెప్పిండు. కని ఫోను సచ్చింది. పొద్దటిసంది గడియారం లెక్క వాడుకుంటే చార్జింగు అయిపోయింది. ఎనుక అర్రల చార్జింగుకు వెట్టి, త్రివేణి వచ్చేలోపల బాత్రూంల మందు నీళ్లు కడిగొస్తనన్నడు.

"తడి ఆరెదాక ముట్టద్దే అమ్మా."

ముట్టనన్నది సోమమ్మ. ముట్టద్దనే అనుకున్నది, అబద్ధం కాదు.

కిటికీ కాడికి వోయింది. ఆపరేషనయిన కన్నుతోని చూసింది. బీరన్న నిలబడి ఉన్నడు. భుజం మీద గొంగడి, చేతులల్ల గొర్రెపిల్ల. పట్టుకున్న తీరు వానిదే, పిల్ల కాళ్లు నాలుగు కలిపి ఒక్క చేత్తోనే. మెడ కాడ అంగీ గుండీ పెట్టుకోలే, అది గూడ వాని తీరే. అటెన్క మొకం చూసింది. నెత్తి తెల్లగున్నది. మీసం తెల్లగున్నది. మొకం నల్లగ, ఎండల కమిలినట్టున్నది.

కొడుకు చెప్పిన మాట చెవుల వడ్డది గని మనసుకు ఎక్కలే. ముసలోడయిండు, అనుకున్నది. ఎందుకు కాడు? ఎన్నేండ్లాయె! తను ముసల్దయింది, వాడు ముసలోడయిండు. వాడు యాడుంటున్నడో ఆడ గూడ వానలు, ఎండలు వస్తయి పోతయి గద. పద్దెనిమిదేండ్లకే ఆగిపోయిండని ఇన్నాళ్లు ఏడ్సింది. ఆగలే, తనతోనే నడుస్తాండు. సోమమ్మకు గంత సంబురం ఎన్నడూ కాలే. నా కొడుకా, నీకు నెత్తి నెరిసిందా అని నవ్వింది, కండ్లెంబడి నీళ్లు కారుతనే ఉన్నయి. ఇన్నేండ్లకు ఆమె ముందట ఒక నుదురున్నది. గొంగడి మడత కాదు, నుదురు.

దేవుని గూట్ల బండారి డబ్బి ఉన్నది. చెయ్యి దానంతటదే పోయింది. బొటనేలుకు అద్దుకున్నది. కిందికెల్లి మీదికి, గట్టిగ దిద్దింది.

వేలు కింద ఏదో మెత్తగ జారింది. మీగడ తీస్తే ఎట్లొస్తదో గట్లనే వచ్చింది. ముందు నుదురు, దాని ఎంబడే కండ్లు, ముక్కు, మీసం, అన్నీ కలిసి ముడుచుకుని మీదికి పోయినయి. మొకమున్న కాడ కిటికీల నుంచి బయటి ఎలుగు కనవడ్తాంది. బొటనేలు మీద పసుపు బండారిల నల్లటి తెట్టు అంటుకున్నది. మళ్ల అక్కడనే వెడితే అతుక్కుంటదేమోనని ఒత్తింది. మెడ గూడ కొంచెం చెరిగింది. అప్పుడు ఆగింది.

మల్లికార్జున్ ఫోను పట్టుకుని వచ్చిండు. తల్లిని చూసిండు, ఆమె వేలును చూసిండు, ఫిలింను చూసిండు.

"ముట్టద్దన్న గదనే."

"బొట్టు పెట్టిన బిడ్డా."

తిడ్తే బాగుండనుకున్నది. పిల్లగాడు తిట్టలే. ఫోను పక్కకు వెట్టి కింద కూలవడ్డడు, మోకాళ్ల నడుమ నెత్తి వెట్టుకున్నడు. నువ్వన్న చూసినవా అమ్మా, అన్న మొకం మంచిగ చూసినవా అని అడిగిండు. చూసిన, కండ్లనిండ చూసిన అన్నది సోమమ్మ. చూసిందేందో ఆమెకు తెలుసు. నల్ల మొకం, తెల్ల మీసం. బజారుల ఎదురైతే ఎవలో ముసలాయనని పక్కకు జరిగేటి మొకం. త్రివేణి అద్దాల ఫ్రేము పట్టుకుని వచ్చి గడప కాడనే ఆగింది.

తెల్లారి ఫిలిం పట్టుకుని తల్లీకొడుకులు నల్గొండ పోయిర్రు. గోపీకృష్ణ దాన్ని కంప్యూటర్ల ఎక్కిచ్చి తిరగేసి చూపెట్టిండు. నల్లగొర్రె పిల్ల నల్లగ వచ్చింది. అంగీ, గొంగడి, కాళ్ల చెప్పులు, ఎనుక దొడ్డి గోడ, గోడ మీద ఆరేసిన కట్టెలు, అన్నీ నిన్న తీసినట్టే ఉన్నయి. మెడ మీద నల్లటి గీతలు, వాటి మీద మొకమున్న కాడ వట్టి నలుపు, ఇంకేం లేదు. సైదులు వణుకుతున్న చేత్తోని మొకం తుడుసుకున్నడు, ఇంకేం చేసేటట్టు లేదన్నడు. గోపీకృష్ణ మంచి పిల్లగాడే. ఫికర్ చెయ్యకు పెద్దమ్మా, ఇప్పుడు కంప్యూటరుకు చెప్తే అదే మొకం గీస్తది, పిల్లగాడు ఎట్లుండెనో నువ్వు చెప్పు చాలు అన్నడు. ముక్కు ఎట్లుండె, కండ్లు పెద్దయా చిన్నయా, గదవ ఎట్లుండె అని అడిగిండు.

అందరు ఆమె దిక్కే చూసిర్రు. సైదులుకు గొర్రెపిల్లే యాదికున్నది గని మనిషి లేడు. మల్లికార్జున్ చంకల పిల్లగాడాయె. ఆ మొకం దాసుకున్నోళ్లు ఇంక ఈ భూమ్మీద సోమమ్మ ఒక్కతే అని వాళ్లు అనుకుంటున్నరు. ఆమె నోరు తెరిసింది. వాడు గొర్లను పిలిచే కూత అడుగు, చెప్తది. ఏ ఎండకు ఏ గట్టెక్కెటోడో అడుగు, చెప్తది. ముక్కు అడుగుతున్నరు.

"నాకు యాదికి లేదు," అన్నది.

దుకాణంల ఫ్లెక్సీ మిషన్ నడుస్తనే ఉన్నది. గోపీకృష్ణ ఇబ్బందివడి, పోనీ తమ్ముని మొకమే జర చిన్నగ చేసి పెడదామా, అన్నదమ్ములు పోలిక ఉంటరు గద అన్నడు. మల్లికార్జున్ తల్లి మొకం చూసిండు. బతికున్నోని మొకం సచ్చినోనికి పెట్టద్దని సోమమ్మ లేచింది. బస్సుల కిటికీ పక్క సీటుల కూసుని చౌటుప్పల్ దాక ఫిలింను ఒళ్లె వెట్టుకున్నది. దిగేటప్పుడు మల్లికార్జున్ ఒక్కటే అడిగిండు, ఎన్నేండ్లసంది యాదికి లేదని. ఆ జవాబు గూడ ఆమెకు తెల్వదు.

ఇప్పుడు గూడ బీరన్న కలల వస్తడు, గొంగడి ముక్కు దాక గుంజుకునే వస్తడు. తియ్యమని అడుగుతలేదు సోమమ్మ. తీస్తే కింద ఏముంటదో ఆమె చూసింది.

పెత్తరమాస వచ్చింది. త్రివేణి తెచ్చిన ఫ్రేము అట్టపెట్టెలనే ఉన్నది. కురుమయ్య ఫొటో పక్కన మళ్ల గొంగడే మడతవెట్టిర్రు. హైపో వాసన ఇంక పోలే దానికి. బొట్టు పెట్టుడు సోమమ్మతోని కాలే, బండారి డబ్బి కోడలి చేతికిచ్చింది. కొత్తగ పెడ్తున్న పిల్ల కాబట్టి త్రివేణి ఉంగరపు వేలుతోని మెల్లగ అంటిచ్చింది.

మల్లికార్జున్ విస్తరాకు పట్టుకుని మిద్దెక్కిండు. సోమమ్మ మెట్ల కాడ నిలబడ్డది. ప్రతి యేడు లెక్కనే చానసేపు అయితదని గోడకు ఒరిగింది. ఒరిగిందో లేదో పైకెల్లి రెక్కల సప్పుడయింది. కాకి సక్కగ బీరన్న ముద్ద మీదనే వాలింది. ఏం కోరిక మిగల్లే ఇంక, ఆశ లేని ఇంటి బువ్వకు దానికేం అడ్డం?

"అమ్మా, ముట్టింది," అని కొడుకు పైనుంచి పిలిచిండు.

సోమమ్మ బొటనేలును కొంగుల సుట్టుకున్నది. ఎన్నిసార్లు తోమినా గోరు సందుల నల్లగనే ఉన్నది.

"ముట్టిన బిడ్డా," అన్నది.